నీళ్ళ టెస్ట్ బాగానే వచ్చింది, మరి బురదలో ఉన్న లోహాలు బుడిత గుల్లల్లోకి, మండపీతల్లోకి ఎలా ఎక్కుతాయి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్తానండి. మీ అమ్మమ్మగారిది తాళ్లరేవు దగ్గర ఊరు, చిన్నప్పటి నుంచీ కాకినాడ బేలో ఏరిన బుడిత గుల్లలు (బురదలో ఉండే రెండు చిప్పల గుల్లలు), కోరింగ మడ అడవుల కాలవల్లో పట్టిన మండపీతలు ఇంట్లో వండుకుంటారు. ఈమధ్య ఎవరో బురదలో కాడ్మియం, సీసం ఉంటాయి జాగ్రత్త అన్నారు, ఇంకొకాయన నీళ్ళు టెస్ట్ చేయిస్తే అన్నీ లిమిట్ లోపలే వచ్చాయి భయం లేదన్నారు. మీ డౌట్లు మూడు. బురదకి అంటుకుపోయింది మళ్ళీ జీవి ఒంట్లోకి ఎలా వస్తుంది, నీళ్ళు బాగుంటే సరిపోదా, ఉడికిస్తే పోదా.

సూటిగా చెప్పాలంటే: నీళ్ళు బాగున్నా ఎక్కొచ్చు, ఉడికిస్తే పోదు. అడుగున బతికే జీవికి బురద నుంచి మూడు దారులున్నాయి. ఒకటి, బురద రేణువుల మధ్య చిక్కుకున్న నీళ్ళు (ల్యాబుల్లో పోర్ వాటర్ అంటాం), వాటిలో కరిగి ఉన్నది మొప్పల్లోంచి, ఒంటి మీది పల్చటి చర్మంలోంచి లోపలికి పోతుంది. రెండోది, బురదనే తిండిగా మింగే జీవాల్లో పేగులోంచి. మూడోది, పోటుకి పాటుకి పైకి లేచిన సన్నటి అడుసుని వడకట్టుకుని తినేవాటికి ఆ వడకట్టిన దాంట్లోంచి. సీసాలో పట్టుకెళ్ళే నీళ్ళ శాంపిల్‌లో ఈ మూడింట్లో ఒక్కటి కూడా సరిగా పడదు, అందుకే నీళ్ళ రిపోర్ట్ చూసి గుల్లల గురించి ధైర్యం చెప్పడం నాకు నచ్చదు.

నేను ఇరవై ఏళ్ళ పైనే తీరం బురద, అందులో బతికే పురుగులు, గుల్లలు, పీతల మీదే పని చేస్తున్నాను, మొదట్లో ల్యాబ్‌లో లోహాలు కొలిచే మెషీన్ దగ్గర, తర్వాత ఎక్కువ కాలం నావ మీద, మోకాలి లోతు రొంపిలో. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

అసలు బురదలోకే ఎందుకు చేరతాయో ముందు చూద్దాం. ఏటి నీళ్ళలో వచ్చిన లోహం గానీ, పురుగుమందు గానీ, డీజిల్ జిడ్డు గానీ నీళ్ళలో ఎక్కువసేపు ఒంటరిగా ఉండదు, ఏదో ఒక రేణువుని పట్టుకుంటుంది. ఇసక రేణువు నున్నగా ఉంటుంది, దానికి పట్టు తక్కువ. బంకమట్టి అలా కాదు, ఒక్క గ్రాము బంకమట్టి రేణువుల పైభాగాలన్నీ పరిస్తే పదుల చదరపు మీటర్లు వస్తుంది, దాని మీద కుళ్ళిన ఆకుల జిగురు, ఇనుము తుప్పు పూతలాగా పట్టి ఉంటాయి, లోహాలు ఆ పూతకి అతుక్కుంటాయి. నూనె స్వభావం ఉన్నవి, అంటే డీడీటీ, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన పీసీబీలు, డీజిల్ మసిలో ఉండే పీఏహెచ్‌లు, ఇవైతే ఇంగువ కట్టిన గుడ్డకి వాసన పట్టినట్టు కుళ్ళిన ఆకుల పదార్థంలోకి ఇంకిపోతాయి. నీళ్ళు ఇవాళ వచ్చి రేపు సముద్రంలో కలుస్తాయి, బురద మాత్రం ఏళ్ళ తరబడి కూడబెడుతుంది. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ 1989లో ఆపేశారు, మన డెల్టా రైతులు గమాక్సిన్ అని చల్లిన బీహెచ్‌సీ పొడి 1997లో నిషేధమైంది, అయినా పాత మురుగు కాలవల అడుగు మట్టిలో వీటి అవశేషాలు ఇప్పటికీ వెతుకుతాం అంటే కారణం ఇదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, అంటుకుపోయింది కదా మరి ఎలా వదుల్తుంది. ఇది మాటల్లో చెప్పేకంటే ఒక బురద కడ్డీ కోసి చూపిస్తే ఇట్టే అర్థమవుతుంది, నేను కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటిరోజు చేయించే పని అదే. బాగా పాటు తీసినప్పుడు మడచెట్ల ముందున్న రొంపిలో ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం నిలువుగా గుచ్చి, పై మూత బిగించి మెల్లగా లాగితే అరచేతి వెడల్పున, మోచేతి పొడవున బురద కడ్డీ వస్తుంది. దాన్ని ట్రేలోకి జార్చి సన్న తీగతో నిలువుగా రెండుగా చీల్చండి. పైన అర సెంటీమీటరో సెంటీమీటరో టీ రంగులో ఉంటుంది, ఆక్సిజన్ అందేది అంతవరకే. ఆ కిందంతా బొగ్గు నలుపు, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఆ నలుపు ఇనుము గంధకంతో కలిసిన సల్ఫైడ్. కాడ్మియం, సీసం, జింకు, నికెల్, రాగి లాంటివి ఆ సల్ఫైడ్ దొరికితే గట్టిగా పట్టుకుని ఉండిపోతాయి, నీళ్ళలోకి దాదాపు రావు.

అంతవరకు మీరన్నదే నిజం, బంధించినట్టే ఉంది. కానీ కడ్డీని ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే ఆ నల్లటి మట్టి మధ్యలోంచి పెన్సిల్ లావున ఒక గోధుమ రంగు గీత కిందికి దిగుతుంటుంది, గోడంతా తుప్పు పట్టినట్టు. అది సముద్రపు ఎర్ర, అంటే వానపాములాంటి పురుగు, చేసుకున్న బొరియ (ఆ పురుగుని మా ఫీల్డ్‌లో పాలీకీట్ అంటారు, హేచరీల వాళ్ళు తల్లి రొయ్యలకి మేతగా వేసేది ఈ జాతే). ఆ పురుగు ఒంటిని అలలాగా ఆడిస్తూ పై నీళ్ళని బొరియలోకి తోడుకుంటుంది, ఊపిరికోసం. ఆ నీళ్ళతో పాటు ఆక్సిజన్ వచ్చి బొరియ గోడలోని నల్లటి సల్ఫైడ్‌ని తుప్పుగా మార్చేస్తుంది, మార్చినప్పుడు సల్ఫైడ్ పట్టుకున్న లోహం వదులైపోతుంది, సరిగ్గా పురుగు చర్మం ఆనుకుని ఉన్నచోట. కోసిన కడ్డీని గాలి తగిలేలా కాసేపు వదిలేయండి, మీ కళ్ళ ముందే నలుపు బూడిద రంగుకి, ఆ తర్వాత గోధుమకి తిరుగుతుంది. బొరియలో జరిగే పని ట్రేలో చూస్తున్నట్టే.

ఈ సల్ఫైడ్ గురించి 1990ల మొదట్లో అమెరికన్ సైంటిస్టులు ఒక లెక్క పెట్టారు, బురదలో సల్ఫైడ్ అణువుల సంఖ్య లోహం అణువుల కంటే ఎక్కువుంటే పోర్ వాటర్‌లోకి లోహం రాదు, జీవాలు చావవు అని. చావుల వరకు ఆ లెక్క బాగానే పనిచేసింది, ఇప్పటికీ వాడతాం. కానీ 2000లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దానికి గట్టి సవరణ పెట్టింది. సల్ఫైడ్ ఎక్కువున్న బురదలో, పోర్ వాటర్‌లో లోహం బాగా తక్కువ ఉన్నా సరే, ఆ బురద తిన్న జీవాల ఒంట్లో లోహం పెరిగింది. అది పోర్ వాటర్‌ని బట్టి కాకుండా బురదలో ఉన్నదాన్ని బట్టి పెరిగింది. అంటే తిండి దారి అంత పెద్దది. అది చదివినప్పుడు మా బృందంలో చాలామంది పద్ధతులు మార్చుకోవాల్సి వచ్చింది, అప్పటిదాకా పోర్ వాటర్ పిండి కొలవడమే పెద్ద పనిగా ఉండేది.

పేగు అంటే నీళ్ళు కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. జిడ్డు గిన్నెని ఎన్ని చెంబుల నీళ్ళు పోసి కడిగినా జిడ్డు వదలదు, కాస్త సబ్బు తగిలిస్తే జారిపోతుంది. పచ్చగా కిలుం పట్టిన రాగి చెంబు నీళ్ళలో వారం నానబెట్టినా అలాగే ఉంటుంది, చింతపండు రాస్తే నిమిషంలో తెల్లబడుతుంది. బురద తినే పురుగుల పేగులో ఈ రెండు పనులూ జరుగుతాయి. వాటి జీర్ణరసంలో సబ్బులాంటి పదార్థాలుంటాయి, అవి డీడీటీ, పీఏహెచ్ లాంటి జిడ్డు విషాల్ని రేణువు మీంచి ఊడదీస్తాయి. ప్రోటీన్ అరిగి వచ్చే అమైనో ఆమ్లాలు చాలా చిక్కగా ఉంటాయి, అవి రాగి లాంటి లోహాన్ని చింతపండులాగా లాగేస్తాయి. 1990ల్లో అరెనికోలా అనే సముద్రపు ఎర్ర పేగు రసం తీసి అదే బురదని ఒకవైపు సముద్రపు నీళ్ళతో, ఒకవైపు పేగు రసంతో కలిపి చూస్తే పేగు రసంలోకి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. కాబట్టి "నీళ్ళలోకి రావట్లేదు కాబట్టి జీవిలోకి రాదు" అన్న మాట ఇక్కడే ఆగిపోతుంది.

దీనికి తోడు ఇవి మింగే పరిమాణం చూడండి. బురదలో తిండి సారం తక్కువ కాబట్టి బతకాలంటే చాలా మింగాలి, ఎన్నో జాతులు రోజుకి తమ ఒంటి బరువంత, కొన్ని దానికి చాలా రెట్లు బురదని పేగులోంచి పంపిస్తాయి. అదీ ఏది పడితే అది మింగవు, ఇసక వదిలేసి కుళ్ళిన ఆకుల జిగురున్న సన్న రేణువుల్నే ఏరుకుంటాయి, పైన చెప్పుకున్నాం కదా, విషం ఎక్కువగా అతుక్కునేది కూడా ఆ రేణువులకే. మనం గొట్టంతో తీసిన మట్టిలో సగటు ఒకటైతే పురుగు నోట్లోకి వెళ్ళేది దానికంటే చిక్కనిది.

ఇప్పుడు మీ బుడిత గుల్లల సంగతి. ఇది పురుగులాగా బురద మింగదు, నీళ్ళు లోపలికి లాక్కుని మొప్పల మీద వడకట్టుకుంటుంది. కానీ వేరే మట్టి గుల్లలకి ఉన్నట్టు దీనికి పైకి చాపే పొడవాటి గొట్టం లేదు. అందుకే లోతుగా పాతుకోకుండా బురద పైపొరలోనే, చిప్ప అంచు పైకి ఆనేలా కూర్చుంటుంది. అంటే అది తాగే నీళ్ళు బే మధ్యలో మనం సీసాలో పట్టే నీళ్ళు కావు, బురద మీద ఆనుకుని ఉన్న ఆ వేలెడు ఎత్తు నీళ్ళు, ప్రతి పోటుకీ అడుసు లేచి కలిసే నీళ్ళు. ఒకసారి బేలో నడుము లోతు నీళ్ళలో గుల్లలు ఏరే ఒక పెద్దావిడతో రోజంతా తిరిగాను. ఆవిడ చూడకుండా పాదంతో తడిమి, ఇదిగో ఇక్కడుంది బాబూ అని వంగి తీసేది. ఒకటి విప్పి చూపించింది, లోపల ఎర్రటి రక్తం కారింది. ఆ ఎరుపు నిజంగా హీమోగ్లోబినే, మన రక్తంలో ఉన్నలాంటిదే, ఆల్చిప్పలకి మామూలుగా ఉండదు. ఆక్సిజన్ కరువుండే బురదలో బతకడానికి దానికున్న ఏర్పాటది. మిగతావి తట్టుకోలేని నల్ల బురద అంచున కూడా ఇది హాయిగా బతికేస్తుంది, అంటే చెడ్డ చోట కూడా చావకుండా కూడబెట్టుకోగలదు. గుల్ల బతికి బలిసి ఉంది కాబట్టి ఆ చోటు మంచిదే అనుకోవడం పొరపాటని నేను చెప్పేది ఇందుకే.

చావకుండా ఎలా కూడబెడుతుంది అంటారా. కాడ్మియం చూడ్డానికి కణానికి కాల్షియంలా అనిపిస్తుంది, మొప్పల్లో కాల్షియం కోసం ఉన్న తలుపులోంచే దూరిపోతుంది. లోపలికి వచ్చాక మెటలోథయోనిన్ అనే చిన్న ప్రోటీన్ దాన్ని పట్టుకుని పక్కన పెడుతుంది (ఈ ప్రోటీన్‌ని మొదట 1957లో గుర్రం మూత్రపిండంలో కనిపెట్టారు, మన ఒంట్లోనూ ఉంది). సీసం, జింకు లాంటివైతే చిన్న చిన్న రవ్వలుగా గట్టిపరిచి దాచిపెట్టేస్తాయి కొన్ని జాతులు. ఆ జీవికి అది రక్షణ, దాన్ని తినేవాడికి కాదు. గట్టి రవ్వలుగా ఉన్నది తిన్నవాడి పేగులో అంతగా అరగదు గానీ ప్రోటీన్ పట్టుకుని ఉన్నది బాగానే అరుగుతుంది.

వానాకాలం గురించి ఒక మాట. ఉప్పు నీళ్ళలో కాడ్మియంని క్లోరైడ్ పట్టుకుని ఉంచుతుంది, గోదావరి ఎర్రనీళ్ళు వచ్చి బేలో ఉప్పదనం పడిపోతే ఆ పట్టు సడలి విడి కాడ్మియం వాటా పెరుగుతుంది, మొప్పల్లోకి దూరేది ఆ విడిదే. ఒకే చోట ఎండాకాలం శాంపిల్‌కీ వరదల తర్వాత శాంపిల్‌కీ తేడా రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి, గుడ్లు పెట్టాక గుల్ల మాంసం చిక్కిపోవడం ఇంకొకటి, ఉన్న లోహమే తక్కువ మాంసంలో లెక్క పడి అంకె పెరుగుతుంది.

మండపీతది ఇంకో దారి. అది గుల్లల్ని, నత్తల్ని, చిన్న పీతల్ని చిదిమి తింటుంది, అంటే గుల్ల కూడబెట్టింది దీనికి చేరుతుంది. పీతల్లో రాగి, జింకు చాలావరకు అదుపులో ఉంటాయి, రాగి దాని రక్తానికే కావాలి కూడా. కాడ్మియం అలా కాదు, డిప్ప ఎత్తగానే కనపడే పసుపు, గోధుమ రంగు మెత్తటి ముద్ద ఉంటుంది చూశారా, చాలామంది పీత కొవ్వు అని ఇష్టంగా తింటారు, అది దాని కాలేయం లాంటిది, అక్కడ పోగవుతుంది. కాళ్ళ మాంసంలో చాలా తక్కువ. యూరప్ వాళ్ళు పీతలకి కాడ్మియం లిమిట్ కిలోకి 0.50 మిల్లీగ్రాములని పెట్టింది కాళ్ళలోని, పొట్ట కండలోని తెల్ల మాంసానికి మాత్రమే, ఆ ముద్దని లెక్కలోకే తీసుకోలేదు, అది తినేవాళ్ళకి విడిగా హెచ్చరిక ఇచ్చారు.

జిడ్డు విషాల్లో ఒక తేడా గమనించండి. పడవల డీజిల్, మసి నుంచి వచ్చే పీఏహెచ్‌లని చేప కాలేయం రోజుల్లో విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది, గుల్లలకి ఆ శక్తి చాలా తక్కువ. అందుకే అదే జెట్టీ పక్కన పట్టిన చేపలో ఏమీ కనపడకపోయినా గుల్లలో కనపడుతుంది. వీటిలో ముఖ్యమైన బెంజోపైరీన్‌కి యూరప్ వాళ్ళు గుల్లల్లో కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రత్యేకంగా లిమిట్ పెట్టారు.

పాదరసం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను, అడుగు బురద ఎంత పని చేయగలదో జపాన్‌లో మినమాటా చూపించింది. చిస్సో కంపెనీ 1932 నుంచి 1968 దాకా బేలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, గుల్లల్లోకి ఎక్కింది, 1956లో జబ్బుని అధికారికంగా గుర్తించారు, పుట్టని పిల్లలు కూడా దెబ్బతిన్నారు. అక్కడ ఫ్యాక్టరీలోనే మిథైల్ పాదరసం తయారై వచ్చింది. మామూలు బురదలో అయితే గంధకం మీద బతికే బాక్టీరియా ఆ నల్లపొరలోనే మామూలు పాదరసాన్ని మిథైల్ రూపంలోకి మారుస్తాయి. మామూలు రూపం మన పేగులో కొద్దిగానే ఇంకుతుంది, మిథైల్ రూపం దాదాపు మొత్తం ఇంకిపోతుంది. అదీ కొవ్వులో కాదు, కండలో ఉంటుంది, కాబట్టి కొవ్వు తీసేసి వండితే పోతుందన్న మాట పాదరసం విషయంలో తప్పు. ఆ బే అడుగు బురద తవ్వి ఒక మూల పూడ్చి పైన మట్టి కప్పడానికి 1977 నుంచి 1990 దాకా పట్టింది. ఒకసారి అడుగుకి చేరాక తీయడం అంటే అంత పని.

ఇక ఎవరో చెప్పిన "బురదలో లోహాలున్నాయి" దగ్గరికి వద్దాం. బురదలో మొత్తం ఎంత ఉంది అన్న ఒక్క అంకె చూసి బెదిరిపోకండి. గోదావరి పైనంతా దక్కన్ నల్లరేగడి నేలల మీంచి వస్తుంది, ఆ నల్లరాయిలోనే రాగి, ఇనుము సహజంగా ఎక్కువ. డెల్టా ఒండ్రులో రాగి అంకె పెద్దగా వచ్చినంత మాత్రాన ఎవరో పారబోశారని అర్థం కాదు, అది రాయి అణువుల్లోనే ఇమిడి ఉంటే ఏ పురుగు పేగూ దాన్ని తీయలేదు. ల్యాబ్‌లో ఘాటు ఆసిడ్‌లో మట్టి మొత్తాన్ని కరిగించి కొలిచిన అంకెకీ, జీవికి దక్కేదానికీ ఇంత దూరం ఉంటుంది. ఒక ప్రాజెక్టులో రెండు కాలవలు పోల్చాం. ఒకదాంట్లో బురద అంకె పెద్దది, నల్లగా, ఆకుల పొట్టు నిండా ఉండేది. రెండోదాంట్లో అంకె దానిలో సగం, కానీ ఇసక కలిసిన బురద, పడవలు తిరిగి రోజూ కలబెట్టేవి. గుల్లల్లో ఎక్కువ వచ్చింది రెండోదాంట్లోనే. పెద్ద అంకె ఉన్న కాలవ గట్టున వాళ్ళు ఏడాది పాటు గుల్లలు అమ్ముకోలేక ఇబ్బంది పడ్డారు, రెండోవైపు వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు, అది తల్చుకుంటే నాకిప్పటికీ బాధే.

రిపోర్టులు చదవడంలో జరిగే తప్పులు కూడా చెప్పాలి, ఎందుకంటే మీలాంటివాళ్ళు ఎక్కువ భయపడేది వాటివల్లే. ఒకాయన గుల్లల రిపోర్ట్ పట్టుకుని వచ్చారు, కాడ్మియం కిలోకి 4 మిల్లీగ్రాములు, లిమిట్ 2 (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్‌లో, ఆయిస్టర్లు, విసనకర్ర ఆకారపు స్కాలప్ గుల్లలు కాని సముద్రపు గుల్లలకి 2, యూరప్‌ది ఇంకా కఠినం, 1). ఇంట్లో అందరికీ రక్త పరీక్షలు చేయించాలా అని అడిగారు. కింద సన్న అక్షరాల్లో పొడి బరువు మీద అని రాసుంది. గుల్ల మాంసంలో ఐదింట నాలుగు వంతులు నీళ్ళే, లిమిట్లన్నీ తడి బరువు మీద పెట్టినవి, అంటే ఆయన అంకె నిజానికి 0.8 దగ్గర. ఇంకోసారి ఆర్సెనిక్ అంకె చూసి ఒక ఊరంతా కంగారు పడింది. సముద్రపు తిండిలో ఆర్సెనిక్ ఎక్కువ భాగం ఆర్సెనోబెటైన్ అనే రూపంలో ఉంటుంది, అది ఒంట్లో నిలవకుండా పోతుంది, పెద్దగా హాని చేయదు. మొత్తం ఆర్సెనిక్ కాకుండా, హాని చేసే రూపమైన ఇనార్గానిక్ ఆర్సెనిక్ ఎంత అని అడగాలి.

మూడోది మేము స్వయంగా చేసిన తప్పే. మొదటి ఏడాది పురుగుల్ని, గుల్లల్ని తెచ్చినవి తెచ్చినట్టే మెత్తగా రుబ్బి కొలిచాం, అంకెలు విపరీతంగా వచ్చాయి. అనుమానం వచ్చి అల్యూమినియం కూడా కొలిస్తే అదీ ఆకాశంలో ఉంది. జీవుల కండలో అల్యూమినియం అంత ఉండదు, మట్టిలో ఉంటుంది, అంటే మేము కొలిచింది పేగులో ఉన్న బురదని. అప్పటినుంచి అదే ఉప్పదనం ఉన్న శుభ్రమైన నీళ్ళలో ఒక రోజు వదిలేసి, పేగు ఖాళీ చేయించి అప్పుడు కొలుస్తున్నాం. అయితే గుల్లని మీరు పేగుతో సహా తింటారు కదా, కాబట్టి తినేవాడి లెక్కకి పేగు బురద కూడా లెక్కే, జీవి ఒంట్లోకి ఎంత ఎక్కిందన్న లెక్కకి కాదు. ఏ లెక్క కావాలో ముందు తేల్చుకోవాలి.

ఉడికించడం దగ్గరికి వస్తే, 1988లో షాంఘైలో సరిగా ఉడకని గుల్లలు తిని దగ్గర దగ్గర 3 లక్షల మందికి హెపటైటిస్-ఏ కామెర్లు వచ్చాయి, అవి కూడా మన బుడిత గుల్లల బంధువులే. అలాంటి క్రిముల విషయంలో బాగా ఉడికించడమే మందు. లోహం క్రిమి కాదు, ఎంత మంట పెట్టినా చావదు, పైగా నీరు ఇగిరితే ముక్కలో చిక్కబడుతుంది. పీతని డిప్పతో సహా పులుసు పెడితే ఆ ముద్దలోని కాడ్మియం కొంత పులుసులోకి, తెల్ల మాంసంలోకి దిగుతుంది, మనం పులుసు కూడా వదలం. కాబట్టి వండకముందే డిప్ప తీసి ఆ ముద్ద తీసేసి కడగండి, రుచి కొంత తగ్గుతుంది నిజమే, కాడ్మియం మాత్రం చాలావరకు దాంతోనే పోతుంది. గుల్లల్ని శుభ్రమైన ఉప్పునీళ్ళలో రాత్రంతా ఉంచితే పేగు బురద, కొంత బాక్టీరియా పోతాయి, కండలోకి ఎక్కిన కాడ్మియం పోవడానికి నెలలు పడుతుంది, అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఎంత తినొచ్చు అన్నది లెక్కతో చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) కలిసి నడిపే నిపుణుల కమిటీ 2010లో కాడ్మియంకి నెలకి ఒంటి బరువు కిలోకి 25 మైక్రోగ్రాములు అని పెట్టింది. 60 కిలోల మనిషికి నెలకి 1.5 మిల్లీగ్రాములు. గుల్లల్లో కిలోకి 1 మిల్లీగ్రాము ఉందనుకోండి, ఒక పూట 150 గ్రాముల మాంసం తింటే 0.15. అంటే నెలకి పది పూటలు తింటే గుల్లలతోనే కోటా నిండింది, అన్నంలోంచి, ఆకుకూరల్లోంచి వచ్చేది ఇంకా కలపలేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క దీనికంటే గట్టిది, వారానికి కిలోకి 2.5 మైక్రోగ్రాములు, దాని ప్రకారం ఆ మనిషికి వారానికి ఒక్క పూటతోనే సరి. మీరు సెలవలకి వెళ్ళి నాలుగు పూటలు తిని వచ్చేవాళ్ళు, మీకు నేను భయపడమని చెప్పను. అక్కడే ఉండి ఏరుకుని వారంలో నాలుగైదు రోజులు అదే కూరగా తినే కుటుంబాల గురించే నా ఆలోచనంతా, ఆ ఇళ్ళల్లో గర్భవతులు, చిన్నపిల్లల గురించి ఇంకా ఎక్కువ. 15 కిలోల పిల్లాడికి పై అంకెలన్నీ నాలుగో వంతు అయిపోతాయి.

టెస్ట్ చేయించాలనుకుంటే నీళ్ళూ వద్దు, మట్టీ వద్దు, గుల్ల మాంసమే ఇవ్వండి. మీ వాళ్ళు మామూలుగా ఏరే చోటే, తినే సైజువే, కనీసం ఇరవై ముప్పై గుల్లలు తీసి మాంసం కలిపి ఒక్క శాంపిల్ చేయించండి, ఒకటి రెండు గుల్లల అంకె నమ్మడానికి లేదు. జెట్టీ, మురుగు కాలవ కలిసే చోటు, తవ్వకం జరుగుతున్న చోటు, ఈ మూడు వదిలేసి ఏరమని చెప్పండి, తవ్వినప్పుడు లోపలి నల్లమట్టి ఒక్కసారిగా గాలి తగిలి పట్టుకున్నదంతా వదుల్తుంది. పీతలైతే కాళ్ళ మాంసం ఒక శాంపిల్, డిప్పలో ముద్ద ఒక శాంపిల్, విడివిడిగా. కాడ్మియం, సీసం, పాదరసం, ఇనార్గానిక్ ఆర్సెనిక్ అడగండి, తడి బరువు మీద ఇమ్మనండి. వానలకి ముందు ఒకసారి, వరద తగ్గిన నెలకి ఇంకోసారి చేయిస్తే ఇంకా మంచిది. రిపోర్ట్ వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి, ఏ నెలలో ఏ కాలవలో తీశారో కూడా రాయండి, చదివి చెప్తాను.